తాపీమేస్త్రి కనిష్ఠ పుత్రుడు: కార్ల్ ఫ్రీడ్రిష్ గౌస్

జర్మనీ దేశమున ఉత్తరభాగమందు ఓకర్ నదీతీరమున బ్రౌన్‌ష్వైగ్ అను ప్రాచీన నగరము కలదు. పదునెనిమిదవ శతాబ్దమున అది ఒక చిన్న సంస్థానమునకు రాజధాని. ఆ నగరములో పేదలు నివసించు ఒక వీధియందు 1777వ సంవత్సరము ఏప్రిల్ 30వ తేదీ బుధవారమునాడు కార్ల్ ఫ్రీడ్రిష్ గౌస్ జన్మించెను. గణితశాస్త్రమున ఆయనకు సాటి రాగలవారు లోకచరిత్ర మొత్తములో ఇద్దరో ముగ్గురో మాత్రమే యని ఆ శాస్త్రము నెరిగినవారు చెప్పుదురు. అయస్కాంతశక్తిని కొలుచు మానములలో ఒకదానికి ఆయన పేరే పెట్టిరి. జర్మనీవారి పది మార్కుల నోటుమీద 1991 మొదలుకొని మార్కుల చెలామణి ముగిసిన 2001 చివరివరకును ఆయన ముఖచిత్రమే యుండెను.

ఆయన శాస్త్రమును గూర్చి గ్రంథములు పెక్కు గలవు. ఆయన ఎట్టి తండ్రి చేతిక్రింద పెరిగెనో, తాను తండ్రియైన పిమ్మట ఎట్టివాడయ్యెనో ఆ సంగతి అంతగా ప్రచారములో లేదు. రెక్కల కష్టముతో బిడ్డలను పెంచిన తాతముత్తాతల వంశములలో పుట్టినవారికి ఈ కథ పరాయికథగా తోచదు.

తండ్రి పేరు గెబ్‌హార్డ్ డీట్రిష్ గౌస్. 1744లో పుట్టినవాడు. అతని తండ్రి పల్లె విడిచి బ్రతుకుతెరువు వెదకికొనుచు పట్టణము చేరిన రైతుకూలి. గెబ్‌హార్డ్ చేయని పని లేదు. తోటమాలియై మొక్కలకు పాదులు చేసెను. కసాయిపని చేసెను. కాలువల పనిలోను, నీటికొళాయిల పనిలోను కుదిరెను. తాపీమేస్త్రియై తన క్రింద కూలీలను పెట్టుకొని గోడలు కట్టించెను. ఇంతేకాక అతని చేవ్రాత చక్కనిది, లెక్క తప్పనిది. అందుచేత ఒక వర్తకుడు సంతల కాలమున తన పద్దులు వ్రాయుటకు అతనిని పిలిపించుకొనుచుండెను. చనిపోయిన సభ్యుల ఉత్తరక్రియల ఖర్చు భరించు ఒక పెద్ద మరణనిధికి సైతము అతడే లెక్కలు చూచెడివాడు. పేదల చేతిలోని చిల్లరడబ్బులతో నడచు నిధి అది. దాని పెట్టె తాళపుచెవి ఒక కూలివాని నమ్మి అప్పగించిరనిన అతని నిజాయితీ ఎట్టిదో తెలియుచున్నది.

వీధిలో ఇంతటి మర్యాద గలవాడు గడప లోపల మరియొక మనిషి. అతని మాటకు ఎదురుమాట ఉండరాదు. మాట కటువు, పద్ధతి మోటు. మొదటి భార్య కాలము చేయగా 1776లో డొరొథియా బెంట్సె అను ఆమెను రెండవ వివాహము చేసికొనెను. ఆమె రాళ్లు చెక్కు పనివాని కూతురు, పరుల ఇండ్లలో పనిమనిషిగా ఏండ్లకొలది కష్టపడినది. ఆమెకు వ్రాయుట రాదు, చదువుట అంతంతమాత్రము. మొదటి భార్యకు పుట్టిన పెద్దకొడుకు ఇంటనే యుండెను. డొరొథియాకు పుట్టినవాడు కార్ల్ ఒక్కడే. గెబ్‌హార్డునకు ఇతడే కనిష్ఠ పుత్రుడు.

తల్లికి కుమారుడు పుట్టిన తేదీ తెలియదు. అది బుధవారమనియు, క్రీస్తు స్వర్గారోహణ పర్వమునకు ఎనిమిది దినముల ముందనియు మాత్రము ఆమె గుర్తు పెట్టుకొనెను. మన పండుగలు తిథుల ననుసరించి జరుగునట్లే క్రైస్తవుల ఈస్టరు పండుగయు చంద్రుని గతినిబట్టి ఏటేటా మారును. దాని వెంట స్వర్గారోహణ పర్వమును మారును. గౌస్ పెద్దవాడైన పిమ్మట ఏ సంవత్సరమున ఈస్టరు ఏనాడు వచ్చునో కనుగొను సూత్రమును రచించి 1800లో ప్రకటించెను. ఆ సూత్రము చొప్పున 1777లో ఈస్టరు మార్చి 30, స్వర్గారోహణము మే 8. దానికి ఎనిమిది దినముల ముందు ఏప్రిల్ 30. అక్షరము రాని తల్లి జ్ఞాపకము తప్పుకాలేదు.

తండ్రి కొడుకుల నడుమ లెక్క ప్రవేశించిన మొదటి సందర్భమును గౌస్ ముసలితనమున తానే మిత్రులకు చెప్పుచుండెను. అతనికి అప్పుడు మూడేండ్లు. వారము చివర గెబ్‌హార్డ్ తన క్రింది కూలీలకు ఇవ్వవలసిన వారపు కూలి లెక్కకట్టుచుండెను. కొందరు అదనపు వేళలు పనిచేసియుండిరి. లెక్క ముగించి సొమ్ము పంచబోవుచుండగా, చిన్నమంచముమీద పడుకొని యున్న బాలుడు లేచి, లెక్క తప్పినదని పలికి, సరియైన మొత్తము చెప్పెను. అక్కడివారు మరల కూడి చూడగా బిడ్డ చెప్పినదే నిజమయ్యెను. కూలిలెక్కలో పొరపాటు వచ్చిన ఏ ఇంట ఎన్ని పొయ్యిలు వెలుగకపోవునో తెలిసినవారు ఈ కథను కేవలము వింతగా వినలేరు. తండ్రి అప్పుడు కోపించెనో సంతోషించెనో కథ చెప్పినవారు చెప్పలేదు.

ఏడవయేట బాలుని పాఠశాలలో చేర్చిరి. చూరు క్రిందికి దిగిన చీకటిగదిలో నూరుమంది పిల్లలు, వారిమధ్య కొరడా పట్టుకొని తిరుగు బ్యూట్నర్ అను ఉపాధ్యాయుడు. తొమ్మిదవయేట గౌస్ లెక్కల తరగతిలోనికి వచ్చెను. అక్కడి ఆచారమేమనగా, లెక్క ముందుగా ముగించినవాడు తన పలకను బల్ల నడుమ బోర్లించవలెను. తరువాతివారు దానిపై తమ పలకలు పేర్చవలెను. ఒకనాడు ఉపాధ్యాయుడు వరుస సంఖ్యలను కూడుమని పెద్ద లెక్క ఇచ్చెను. ఒకటి మొదలు నూరు వరకు గల సంఖ్యలను కూడుమనెనని లోకములో వాడుక. ఉపాధ్యాయుడు లెక్క చెప్పి ముగించునంతలో గౌస్ పలక బల్లమీద పడెను. ఒకటియు నూరును కలిపిన నూట ఒకటి, రెండును తొంబదితొమ్మిదియు కలిపినను నూట ఒకటి. ఇట్టి జతలు ఏబది. కనుక మొత్తము 5050. మిగిలిన పిల్లలు గంటసేపు బలపములు అరగదీయుచుండగా అతడు చేతులు కట్టుకొని కూర్చుండెను. కడపట పలకలు తిరగవేసి చూడగా అతని పలకమీద ఒకే ఒక్క అంకె, అదియే సరియైనది.

బ్యూట్నర్ కఠినుడే గాని మనిషిని గుర్తింపగలవాడు. హాంబుర్గ్ నుండి మేలైన గణితపుస్తకము తెప్పించి బాలునకు ఇచ్చెను. అతని సహాయకుడు, అప్పటికి పదునేడేండ్ల వాడైన మార్టిన్ బార్టెల్స్, గౌస్‌తో కూడ కూర్చుండి చదివెను. (ఈ బార్టెల్సే పిమ్మట రష్యాలో కజాన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడై లొబచేవ్‌స్కీ అను మహాగణితజ్ఞునకు గురువయ్యెను.)

ఇంట మాత్రము పద్ధతి మారలేదు. సాయంకాలము బాలుడు తన వంతు అవిసెనార వడకవలెను. కుటుంబము గడచుటకు ప్రతి చేతి పనియు కావలసినదే. చలికాలమున కట్టెలు, దీపపు నూనె ఆదా చేయుటకై తండ్రి పిల్లలను పెందలకడ పడుకొనబెట్టును. బాలుడు టర్నిప్ దుంపను తొలిచి, దానిలో కొంచెము కొవ్వు పోసి, వత్తి వేసి, అటకమీద ఆ గుడ్డిదీపము దగ్గర చదువుకొనుచుండెనని చెప్పుదురు. తండ్రి ఆజ్ఞను అతడు ఎదిరింపలేదు. పడుకొనుమనిన అటక ఎక్కెను. నార వడకుమనిన వడకెను. అటుపైన తనకు మిగిలినదేదో దానితో చదివెను.

ఉపాధ్యాయుడు తండ్రిని పిలిపించి, ఈ బిడ్డను పై చదువునకు పంపవలెనని చెప్పెను. చదివించుటకు సొమ్మేదని తండ్రి అడిగెను. ఆ ప్రశ్న న్యాయమైనదే. పెద్దలెవరైన సహాయము చేయుదురని ఉపాధ్యాయుడు ధైర్యము చెప్పెను. గెబ్‌హార్డ్ అంతట ఒప్పుకొనలేదు గాని, నార వడకు పనినుండి కొడుకునకు సెలవిచ్చెను. ఇంటికి వచ్చి రాట్నమును పెరటిలోనికి తీసికొనిపోయి వంటకట్టెలుగా చీల్చివేసెనని ఒక కథ కలదు. అది నిజమైనచో ఆ తండ్రి తన కనిష్ఠ పుత్రునకు ఇచ్చిన పెద్ద కానుక అదియే. ఆశీర్వదించుటకు అతనికి మాటలు రావు. గొడ్డలి పట్టుట వచ్చును.

తల్లియు, ఆమె తమ్ముడును బాలుని పక్షమున నిలిచిరి. ఆ మేనమామ సన్నని పూలనేతలో ఆరితేరిన నేతగాడు, గొప్ప తెలివి గలవాడు. అట్టి బుద్ధి మగ్గము దగ్గరనే ముగిసిపోయెనని గౌస్ కడవరకు విచారించెను. 1788లో గౌస్ ఉన్నతపాఠశాలలో చేరెను. 1791లో అతనిని సంస్థానాధీశుడైన కార్ల్ విల్హెల్మ్ ఫెర్డినాండ్ సన్నిధికి తీసికొనిపోయిరి. ప్రభువు బాలుని చూచి మెచ్చి ఏటికి పది తాలర్ల వేతనము ఏర్పరచెను. అటుపిమ్మట కళాశాల చదువునకును, 1795లో గొట్టింగెన్ విశ్వవిద్యాలయమునకును ప్రభువే ఖర్చు పెట్టుకొనెను. తండ్రి అనుమతి అక్కరలేని మార్గము ఏర్పడెను. బహుశః అందువలననే తండ్రి కొడుకులకు పోరాటము రాలేదు.

1796 మార్చి 30వ తేదీన, ఇంకను పందొమ్మిదేండ్లు నిండకమునుపే, వృత్తలేఖినియు బద్దయు మాత్రమే పట్టుకొని పదునేడు భుజముల సమబహుభుజిని గీయవచ్చునని గౌస్ నిరూపించెను. రెండువేల సంవత్సరములుగా ఎవరును ఎరుగని విషయమది. 1801లో సంఖ్యాశాస్త్రమును గూర్చిన మహాగ్రంథమును ప్రకటించి ప్రభువునకు అంకితము చేసెను. ఆ సంవత్సరమే ఇటలీలో పియాజ్జి అను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు సెరెస్ అను చిన్న గ్రహమును (ఇప్పుడు దానిని మరుగుజ్జు గ్రహమందురు) కొన్ని వారములు మాత్రము చూచి, సూర్యకాంతిలో పోగొట్టుకొనెను. ఎచ్చట వెదకిన కనబడునో గౌస్ లెక్కకట్టి చెప్పెను. సంవత్సరాంతమున గ్రహము అచ్చటికి చేరువనే దొరకెను. ఐరోపా అంతయు ఆయన పేరు మ్రోగెను.

ఇంత జరిగినను ఆ ఇంట కొడుకు గొప్పతనము తెలిసినవారు తక్కువ. కొడుకు సహాధ్యాయియైన బోల్యాయ్ అను హంగరీ యువకుడు ఒకమారు వారింటికి రాగా, తల్లి అతనిని చాటుగా పిలిచి తన బిడ్డ ఏపాటివాడు కాగలడని అడిగెను. ఐరోపాలోకెల్ల గొప్ప గణితజ్ఞుడగునని అతడు చెప్పగా ఆమె కంట నీరు కార్చెను. తండ్రి అట్టి ప్రశ్న ఎవరినైన అడిగినట్లు వ్రాతలలో లేదు.

1807 నవంబరులో గౌస్ గొట్టింగెన్ వేధశాలకు అధ్యక్షుడై తరలిపోయెను. 1808 ఏప్రిల్ 14వ తేదీన గెబ్‌హార్డ్ మరణించెను. కొడుకునకు ఆచార్యపదవి వచ్చిన పిమ్మట అతడు అయిదు నెలలే జీవించెను. రెండేండ్లకు గౌస్ తాను వివాహమాడబోవు మిన్నా వాల్డెక్ అను కన్యకు తన కుటుంబమును పరిచయము చేయుచు జాబు వ్రాసెను. తండ్రి పరమ నిజాయితీపరుడనియు, పలువురు గౌరవించినవాడనియు, ఐనను ఇంట పెత్తనము చేయు మోటుమనిషి యనియు, అతనికి తన హృదయము పూర్తిగా విప్పలేకపోతిననియు, కాని తాను త్వరగా స్వతంత్రుడగుటచే ఎన్నడును తగవు రాలేదనియు అందులో భావము. తండ్రిని నిందించుటయు లేదు, పొగడుటయు లేదు. పద్దు వ్రాసినట్లు జమ ఒకవైపు, ఖర్చు ఒకవైపు వ్రాసెను. అట్లు వ్రాయుట అతడు ఆ తండ్రివద్దనే నేర్చెను.

ఆయన మొదటి వివాహము 1805లో యొహన్నా ఓస్ట్‌హోఫ్ అను ఆమెతో జరిగెను. జీవితములో ఆయన మనసార నవ్విన కాలము ఆ నాలుగేండ్లే. పుట్టిన ముగ్గురు బిడ్డలకును కొత్తగ్రహములను కనిపెట్టిన వారి పేర్లు పెట్టిరి. పియాజ్జి పేర జోసెఫ్, ఓల్బెర్స్ పేర విల్హెల్మీనా, హార్డింగ్ పేర లూయీ. 1809 అక్టోబరు 11న, మూడవ కాన్పు ఐన నెలకు, యొహన్నా మరణించెను. కొన్ని నెలలకే పసివాడు లూయీ పోయెను. 1810 ఆగస్టులో మిన్నాను వివాహమాడెను. ఆమెకు యూజెన్ 1811లోను, విల్హెల్మ్ 1813లోను, తెరేజా 1816లోను పుట్టిరి. కాని యొహన్నాతో పోయిన వెలుగు మరల రాలేదు. ఇంట గౌస్ మితభాషి, ముక్కోపి, తన మాట నెగ్గవలెనను వాడు అయ్యెను. ఏ తండ్రి గుణములను గూర్చి మిన్నాకు వ్రాసెనో అవే తన గుణములు కాజొచ్చెను.

కుమారులు గణితము చదువుట ఆయనకు ఇష్టములేదు. తనకు సరిరాని కొడుకులవలన ఇంటిపేరు తగ్గునను భయము దీనికి కారణమని ఆయన మనుమల కుటుంబములో మాట నిలిచినది. వారిలో యూజెన్‌కు లెక్కయు భాషలును రెండును పుట్టుకతో వచ్చినవి. అతడు భాషలు చదువుదుననగా తండ్రి న్యాయశాస్త్రము చదువుమనెను. రాట్నము విరిచి కొడుకును విడిచిపెట్టిన కూలివాని కొడుకు, తన కొడుకును తాను కోరిన గాడిలో కట్టివేయ జూచెను! యూజెన్ చదువు వదలి జూదములో పడెను. 1830లో తోటివిద్యార్థులకు విందు చేసి ఆ ఖర్చు తండ్రిమీద వేసెను. తండ్రి గట్టిగా మందలించెను. పందొమ్మిదేండ్ల కొడుకు ఇంటివారికి సెలవు చెప్పకయే వెళ్లిపోయెను. తండ్రి వెంట వెళ్లి, తిరిగి రమ్మని చెప్పి, రానిచో ప్రయాణపు సొమ్ము ఇత్తుననెననియు, కొడుకు ఓడనే కోరుకొనెననియు చెప్పుదురు. రోగగ్రస్తురాలైయున్న మిన్నా ఆ బాధతోనే 1831 సెప్టెంబరులో కన్నుమూసెను.

యూజెన్ అమెరికాలో సామాన్య సిపాయిగా చేరి మిస్సిసిపీ నదీతీరమున నున్న స్నెల్లింగ్ కోటలో కాలము గడపెను. తరువాత బొచ్చుతోళ్ల వ్యాపారము చేయు సంస్థలో కుదిరి అచ్చటి ఆదిమవాసుల సూ భాషను నేర్చెను. కడపట మిస్సోరీ రాష్ట్రమున సెయింట్ చార్లెస్ పట్టణములో స్థిరపడి కలపవర్తకుడయ్యెను.

కనిష్ఠ పుత్రుడైన విల్హెల్మ్ తగవులమారి కాడు. చదువు జోలికి పోక వ్యవసాయము నేర్చుకొనెను. కాని జర్మనీలో సొంత భూమి సంపాదించుట కూలివానికి ఎంత కష్టమో ఆచార్యుని కొడుకునకును అంత కష్టము కాజొచ్చెను. అమెరికాకు పోదునని అతడు అడుగుచుండగా తండ్రి ఏండ్లకొలది వారించి ఎట్టకేలకు సమ్మతించెను. 1837లో ప్రసిద్ధ జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు బెస్సెల్‌కు మేనకోడలైన లూయిజాను వివాహమాడి, ఆమెతో ఓడ ఎక్కి, మిస్సోరీలోనే సేద్యము మొదలుపెట్టెను. మన దేశమునుండి ఒప్పందపు కూలీల ఓడలు మారిషస్ దీవికి తరలుచుండిన సంవత్సరములే అవి. సముద్రము దాటినవాడు తిరిగి కనబడుట అరుదను మాట ఆ రేవునను ఈ రేవునను ఒక్కటియే. ఉత్తరములు నడచినవి. యూజెన్‌తో సైతము కాలక్రమమున మాటలు కలిసినవి. కాని ఆ ఇద్దరు కొడుకులను గౌస్ మరల కన్నులార చూడలేదు. అమెరికాలో పుట్టిన మనుమలను ఎన్నడును చూడలేదు.

ఇంట మిగిలినవారు ముసలితల్లియు చిన్నకూతురు తెరేజాయు. 1817లోనే గౌస్ తల్లిని గొట్టింగెన్ పిలిపించి వేధశాలలోని తన నివాసమున పెట్టుకొనెను. కడపటి ఏండ్లలో ఆమెకు చూపు పోగా ఐరోపాలోకెల్ల పేరుపొందిన ఆచార్యుడు స్వహస్తములతో ఆమెకు ఉపచారము చేసెను. 1839 ఏప్రిల్ 18న తొంబదియేండ్లు మించిన వయస్సున ఆమె మరణించెను. తండ్రికి విప్పలేని హృదయమును తల్లికి దాచలేదు.

తండ్రితో కొడుకు మనసు ఎచ్చట కలిసెనో చెప్పవలెననిన ఆయన వృద్ధాప్యమందలి ఒక పనిని చెప్పవలెను. 1845 మొదలు 1851 వరకు గొట్టింగెన్ విశ్వవిద్యాలయపు వితంతు నిధి లెక్కలను పరిశీలించుపని గౌస్ తలకెత్తుకొనెను. చనిపోయిన ఆచార్యుల భార్యలకు భరణమిచ్చు నిధి అది. వితంతువుల సంఖ్య పెరుగుచుండగా అది దివాలా తీయునేమో యని అందరు భయపడుచుండిరి. గౌస్ పాతపద్దులన్నియు తిరగవేసి, ఆయుర్దాయపు పట్టికలు కూర్చి, నిధి గట్టిగనే యున్నదనియు, సభ్యులసంఖ్యకు హద్దు పెట్టినచో భరణము పెంచవచ్చుననియు తేల్చెను. ఆకాశమందలి గ్రహముల దారులను గణించినవాడు డెబ్బదియేండ్ల ప్రాయమున ఇట్టి పద్దులకు ఏండ్లు వెచ్చించుట చూచి కొందరు చరిత్రకారులు ఆశ్చర్యపడిరి. బ్రౌన్‌ష్వైగ్‌లో మరణనిధి పెట్టెను కాపాడిన తాపీమేస్త్రిని ఎరిగినవారికి ఆశ్చర్యమక్కరలేదు.

1855 ఫిబ్రవరి 23వ తేదీ తెల్లవారుజామున గౌస్ నిద్రలోనే ప్రాణము విడిచెను. తెరేజా కడవరకు తండ్రి ఇల్లు చక్కబెట్టి, ఆయన పోయిన పిమ్మటనే వివాహమాడెను. హానోవర్ రాజు ఆయనను గణితజ్ఞులకు ప్రభువని పేర్కొను పతకము పోయించెను.

యూజెన్ 1896వ సంవత్సరము వరకు మిస్సోరీలో జీవించెను. కడపటి ఏండ్లలో అతనికిని నానమ్మకువలె చూపు పోయెను. గణితము చదువనీయబడని ఆ వృద్ధుడు ప్రొద్దుపోవుటకై తనకుతానే ఒక లెక్క పెట్టుకొనెను. ఆదిమానవుని కాలమున ఒక డాలరును నూటికి నాలుగు చొప్పున చక్రవడ్డీకి ఇచ్చియున్నచో ఆరువేల సంవత్సరములకు ఎంతయగును? పలక లేదు, కాగితము లేదు. చీకటిలో కూర్చుండి మనస్సులోనే గుణించుచు, కొంతకొంతకాలమునకు వచ్చిన అంకెలను కొడుకుచేత వ్రాయించుకొనుచు, ఆ లెక్కను అతడు కడముట్టించెను.